గ్రహాలు తిరిగే పైకప్పు: ఫ్రానెకర్, లైడెన్, ఏథెన్స్

సౌర కుటుంబాన్ని పళ్లచక్రాలతో తిప్పే పాత నమూనాల్ని ఓరరీలు అంటారు. వాటిని చూడాలనుంటే ముందు నెదర్లాండ్స్‌లోని ఫ్రానెకర్ వెళ్లండి. మ్యూజియాల్లో ఇలాంటివి ఎక్కువగా ఆగిపోయే ఉంటాయి. అక్కడ ఐసె ఐసింగా అనే ఆయన ఇంట్లో ఉన్నది మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

ఐసె ఐసింగా ఉన్ని దువ్వే పనివాడు. 1774 మేలో కొన్ని గ్రహాలు ఆకాశంలో ఒకచోట చేరడంతో ఇక లోకం అంతమేనని జనం హడలిపోయారు. భయపడేదేం లేదని చూపించడానికి ఆయన తన ఇంటి హాల్ పైకప్పులోనే దీన్ని కట్టడం మొదలుపెట్టి 1781కి పూర్తిచేశాడు. నీలం రంగు చెక్కకప్పులో గుండ్రటి చీలికలు, వాటిలోంచి వేలాడే చిన్న గోళాలు. ఇక్కడ ఒక మిల్లీమీటరంటే పది లక్షల కిలోమీటర్లు. వేగం మాత్రం అసలుదే, శని ఒక చుట్టు తిరగడానికి 29 ఏళ్లు దాటుతుంది. కదలిక కోసం తలెత్తి కూర్చుంటే మెడనొప్పి తప్ప ఏమీ రాదు!

అసలు మజా అటక మీద ఉంది. పెద్ద పెద్ద చెక్క చక్రాలు, వాటికి పళ్లుగా చేత్తో చేసిన ఇనుప మేకులు, అన్నిటినీ నడిపే ఒక లోలకం గడియారం. యురేనస్ లేదేమిటని అడగబోయి లెక్క వేసుకున్నాను. దాన్ని కనుక్కున్నది కూడా 1781లోనే. ఈ స్కేలులో సూర్యుడికి దాదాపు 2.9 మీటర్ల దూరాన పెట్టాలి, ఆ గదిలో చోటెక్కడుంది? 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గది చిన్నది, ఒక గ్రూపు వస్తే కాలు పెట్టే చోటుండదు, పొద్దున్నే వెళ్లడం మేలు.

బస లేవార్డెన్‌లో పెట్టుకోండి, అక్కడినుంచి రైల్లో కొద్దిసేపే. నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ లిఫ్టు లేదు. మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయంటే సూట్‌కేసుతో ఎక్కడం పెద్ద టెన్షన్.

నెదర్లాండ్స్‌లోనే లైడెన్‌లో, బూర్‌హావ మ్యూజియంలో 1670 ప్రాంతపు గోళయంత్రం ఉంది, అదీ గ్రహాల నమూనానే. అందంగా ఉంది, కానీ నేను వెళ్లినప్పుడు కదలడం లేదు. దానికోసమే అంత దూరం పోనక్కర్లేదు.

ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలోని ఆంటికిథెరా యంత్రం సంగతి వేరు, అది ఆకాశంలో గ్రహాల కదలికల్ని పళ్లచక్రాలతో లెక్కగట్టిన ప్రాచీన గ్రీకు యంత్రం. 1901లో సముద్రం అడుగునుంచి తీసిన కంచు ముక్కలు, పచ్చగా పాచిపట్టినట్టున్నాయి. పెద్ద ముక్కలో నాలుగు ఆకుల చక్రం మామూలు కంటికే కనిపిస్తుంది. ఎక్స్‌రేలతో చూస్తే మొత్తం 30 చక్రాలు మిగిలున్నాయని తేలింది. గ్రహాలను తిప్పిన చక్రాలు దాదాపుగా పోయాయి, వాటి ఊసు యంత్రం మీది రాతల్లో ఉంది. పక్కనే పెట్టిన పునర్నిర్మాణ నమూనాలు చూశాకే ముక్కల్లో ఏది ఎక్కడిదో అర్థమైంది. మ్యూజియం చాలా పెద్దది, విగ్రహాల గదుల్లో అలసిపోకముందే నేరుగా ఇక్కడికి వచ్చేయండి.