బ్యాకప్ స్క్రిప్ట్: ఇన్‌స్టాలర్ నడపాలా, మనమే నడపాలా?

హైదరాబాద్‌లో మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేసే పని నాది. కొత్త వెర్షన్ ఎక్కించే ముందు పాత డేటా ఫోల్డర్ కాపీ తీయాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆ కాపీ తీసే స్క్రిప్ట్ (కమాండ్ల ఫైలు) మనమే నడిపితే ప్రతి లైనూ కళ్లముందే కదులుతుంది, ఏ ఫైలు దగ్గర ఆగిందో కనిపిస్తుంది. కానీ కౌంటర్ ముందు జనం ఉంటే ఆ టెన్షన్‌లో మర్చిపోతాం. కోఠిలో ఒక షాపులో నాకదే జరిగింది. నెల రోజుల బిల్లులు మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

కొత్త వెర్షన్ ఎక్కించే ఇన్‌స్టాలర్‌కే ఆ స్క్రిప్ట్ అప్పగిస్తే మరుపు ఉండదు. చిక్కు వేరేచోట వస్తుంది. స్క్రిప్ట్‌లో కాపీ చేసేది రోబోకాపీ అనే విండోస్ కమాండ్. అది ఫైళ్లన్నీ సరిగ్గా కాపీ చేశాక కూడా, పని ఎలా ముగిసిందో చెప్పే కోడ్‌గా 1 ఇస్తుంది. 8 గానీ అంతకు మించి గానీ వస్తేనే ఫెయిలైనట్టు. విండోస్ ఇన్‌స్టాలర్ మామూలుగా 0 కాని ప్రతిదాన్నీ తప్పుగానే తీసుకుని, పని మధ్యలో ఆపి వెనక్కి వెళ్లిపోతుంది. కాబట్టి 8 లోపు వచ్చిన కోడ్‌ని 0గా మార్చి పంపే లైను స్క్రిప్ట్ చివర తప్పనిసరి.

ఇంకొకటి, అడ్మిన్ హక్కులతో నడిచే స్క్రిప్ట్‌కి మనం మ్యాప్ చేసుకున్న నెట్‌వర్క్ డ్రైవ్ (Z: లాంటి అక్షరం పెట్టుకున్న వేరే కంప్యూటర్ ఫోల్డర్) చాలాసార్లు కనిపించదు. ఆ అక్షరం బదులు \\కంప్యూటర్‌పేరు\ఫోల్డర్ అని పూర్తి నెట్‌వర్క్ పాత్ ఇవ్వాలి.

ఇవి సరిచూసుకున్నాక నేను ఇన్‌స్టాలర్‌నే నమ్ముతాను. బిల్లింగ్ ప్రోగ్రామ్ మూసి ఉందో లేదో మాత్రం నేనే వెళ్లి చూస్తాను.