మూడు వండర్‌లాలు, 2,500 కిలోమీటర్లు: కారులో చుట్టి రావాలంటే

హైదరాబాద్‌లో బయల్దేరి బెంగళూరు, కొచ్చి, చెన్నై వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కులు చూసుకుని నెల్లూరు, ఒంగోలు మీదుగా ఇల్లు చేరితే దాదాపు 2,500 కిలోమీటర్లు తిరిగినట్టు. పార్కులు నిరాశపరచవు. శుభ్రంగా ఉంటాయి, నిర్వహణ బాగుంటుంది. ప్లాను మాత్రం చాలామందికి దారిలోనే చెడుతుంది. పొద్దున ఆరింటికి హైదరాబాద్‌లో బయల్దేరి, మధ్యాహ్నానికి బెంగళూరు చేరి, ఆ పూటే పార్కులో దూరేద్దాం అనుకోవడమే అందుకు కారణం. బండి నడిపే రోజు పార్కు వద్దు, పార్కు రోజు బండి వద్దు. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ముందు ఒక కోత. ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ పక్కన రావిర్యాలలో, 2016లో తెరిచిన మన వండర్‌లాని ఈ ట్రిప్పులో కలపకండి. హైదరాబాద్ వాళ్ళకు అది ఏ ఆదివారమైనా వెళ్ళి రాగలిగే చోటు. పైగా ఈ పార్కుల్లో కొన్ని రైడ్లు ఒకే రకానివి. వెనక్కి కూడా పరుగెత్తే రీకాయిల్ కోస్టర్ రావిర్యాలలోనూ ఉంది, బెంగళూరులోనూ ఉంది. వరసగా రెండు పార్కుల్లో అదే ఎక్కితే పిల్లలకే విసుగొస్తుంది. అందుకే తిరిగే దిశ కూడా ముఖ్యం. బెంగళూరు (2005), కొచ్చి (2000) పాత పార్కులు. చెన్నైది 2025 డిసెంబరులో తెరిచిన కొత్త పార్కు. కొత్తదాన్ని చివరికి ఉంచితే ట్రిప్పుకి ఊపు తగ్గదు. విజయవాడ, గుంటూరు నుంచి వెళ్ళేవాళ్ళకు చెన్నై దగ్గర కాబట్టి ముందు అదే చూద్దామనిపిస్తుంది. అది చూశాక బెంగళూరు దగ్గరి బిడది పార్కు చప్పగా ఉంటుంది, ఆలోచించుకోండి.

రోజుల లెక్క ఇలా వేసుకోవచ్చు: ఒకరోజు బిడదికి ప్రయాణం, మర్నాడు పార్కు. మూడోరోజు కొచ్చికి. నాలుగోరోజు విశ్రాంతి, ఐదోరోజు పార్కు. ఆరోరోజు సేలం వరకు, ఏడోరోజు చెన్నై పార్కు ఉన్న తిరుప్పోరూర్. ఎనిమిదోరోజు పార్కు. ఆ తర్వాత ఒంగోలులో ఒక రాత్రి ఆగి ఇల్లు. మొత్తం పదిరోజులు. వారంలో ముగించాలంటే కొచ్చి వదిలేయాల్సిందే, ఇంకో దారి లేదు.

హైదరాబాద్–బెంగళూరు మధ్య 44వ నంబరు జాతీయ రహదారి పొడవునా నాలుగు వరుసలు, నడపడానికి హాయి. రాయికల్, శాఖాపూర్, పుల్లూరు, అమకతాడు, కాసేపల్లి, మరూరు, బాగేపల్లి, సాదహళ్ళి: ఎనిమిది టోల్ గేట్లు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేవరకు మొదటి విరామం అవసరం పడదు. కర్నూలు దాటాక అనంతపురం వరకు ఊళ్ళ దగ్గర రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు, డివైడర్ గ్యాపుల్లోంచి అడ్డంపడే ట్రాక్టర్లు ఉంటాయి. ఖాళీ రోడ్డని 120 మీద పోనిస్తే ఇక్కడే దెబ్బ తగులుతుంది. ఎండాకాలంలో టైరు పేలిందని వినేది కూడా ఎక్కువగా ఇలాంటి చోట్లే. ఎండకు గాలి వ్యాకోచిస్తుందని ముందే కాస్త తగ్గించి కొట్టించడం చాలామందికి అలవాటు, అది తప్పు. గాలి తక్కువైన టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకీ వంగి లేస్తాయి, ఆ రాపిడి వేడికే పేలుతుంది. డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీద నిండు లోడుకి వేరే అంకె ఉంటుంది. ఐదుగురు, సామానుతో వెళ్తుంటే ఆ అంకెకే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున బయల్దేరే ముందు కొట్టించండి. స్టెప్నీకి కూడా.

పెట్రోలు ఆంధ్రాలో ఖరీదు, కర్ణాటకలో తక్కువ. ఇంటి దగ్గర ట్యాంకు నింపి బయల్దేరితే మామూలు కారు కొడికొండ చెక్‌పోస్టు దాటిపోతుంది, తర్వాత బాగేపల్లిలో నింపుకుంటే సరి. కొడికొండ దగ్గర కాసేపు పక్కకు తిరిగితే లేపాక్షి. నాలుగొందల కిలోమీటర్లు సీటుకు అతుక్కుపోయిన పిల్లలకు ఆ పెద్ద నంది ముందు గంటసేపు కాళ్ళు చాచడం ఏ మాల్ కంటే కూడా మేలు.

అసలు చిక్కు చివరి 75 కిలోమీటర్లు. బెంగళూరు పార్కు బిడది దగ్గర, అంటే మైసూరు రోడ్డు వైపు. మనం దిగేది ఊరికి ఉత్తరాన దేవనహళ్ళిలో. సాయంత్రం నాలుగు, తొమ్మిది మధ్య హెబ్బాళ మీదుగా వెళ్తే రెండున్నర గంటలు పోయినా ఆశ్చర్యం లేదు. ఆ వేళకి చేరేటట్టయితే దేవనహళ్ళిలోనే శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డు ఎక్కి దొడ్డబళ్ళాపురం, దాబస్‌పేట మీదుగా నేలమంగల వైపు దిగి, తుమకూరు రోడ్డు మీద నైస్ రోడ్డు అందుకోండి. నలభై కిలోమీటర్లకు పైగా చుట్టు, కానీ బండి ఆగదు. మధ్యాహ్నం రెండులోపు చేరగలిగితే ఈ చుట్టు అనవసరం. నైస్ రోడ్డు ప్రైవేటుది కాబట్టి టోల్ విడిగా కట్టాలి, కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

ఇంకొక మెలిక. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే బిడది ఊళ్ళోకి వెళ్ళదు, పక్కనుంచి పోతుంది. కెంగేరి దాటాక మ్యాప్ తడబడి మెయిన్ క్యారేజ్‌వే ఎక్కించేస్తే పార్కు పక్కన కనబడుతూనే దాటిపోతుంది, తిరిగి రావడానికి చాలా దూరం పోవాలి. పార్కుకు వెళ్ళేవాళ్ళు సర్వీసు రోడ్డు వదలకూడదు. ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటకు 100 దాటితే కెమెరా చలాను ఖాయం.

బిడదిలో పార్కును ఆనుకునే వండర్‌లా రిసార్టు ఉంది, 84 గదులు. కుటుంబంతో వెళ్తే అక్కడే దిగడం మంచిదని మా అభిప్రాయం. తడిబట్టలతో, అలసిన పిల్లలతో సాయంత్రం కారెక్కే పని ఉండదు.

పార్కు విషయానికొస్తే, పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. పెద్ద రైడ్లలో చాలావాటికి కూడా 140 ఉండాలి. 137 ఉన్న పదేళ్ళ పిల్లవాడికి ఇదే గుండె పగిలే విషయం: గంటసేపు క్యూలో నిలబడ్డాక కొలకర్ర దగ్గర ఆపేస్తారు, ఎంత బతిమాలినా వినరు, వినకూడదు కూడా. భుజాల మీదికి దిగే పట్టీ ఆ ఎత్తుకే కుదిరేలా ఉంటుంది. ఇంట్లోనే చెప్పుల్లేకుండా గోడకు నిలబెట్టి కొలిచి, ఎక్కేవి ఏవో, ఎక్కలేనివి ఏవో ముందే చెప్పండి. ఇంట్లో ఇద్దరు పిల్లలూ 140 లోపే ఉంటే ఈ మూడు పార్కుల చుట్టు ఇంకో రెండేళ్ళు ఆగి పెట్టుకోవడం మేలు.

నీళ్ళ రైడ్లకు నైలాను, పాలియెస్టరు, లైక్రా బట్టలే. కాటన్ టీషర్టు, జీన్సు, చున్నీ ఉన్న డ్రెస్సు, చీర పనికిరావు. కాటన్ నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, దాని నూలు పోగులు ఫిల్టర్లకు అడ్డం పడతాయి, జిప్పులూ గుండీలూ స్లైడుకి గీతలు పెడతాయి. గేటు దగ్గర కొనుక్కోవాల్సి రాకుండా ఇంటి దగ్గరే తీసుకోండి, ముఖ్యంగా ఆడవాళ్ళకు ఫుల్ హ్యాండ్స్, మోకాలి కింది వరకు ఉండేవి. బయటి తిండి లోపలికి రానివ్వరు, లాకర్‌కి అద్దె, డిపాజిట్ విడివిడిగా తీసుకుంటారు. నలుగురికి ఒక పెద్ద లాకరు చాలు.

గేటు తెరవగానే జనం బట్టలు మార్చుకుని నీళ్ళ వైపు పరుగెత్తుతారు. ఆ మొదటి గంటలో కోస్టర్లు ఎక్కేయండి, క్యూ సగం ఉంటుంది. నీళ్ళ విభాగం మధ్యాహ్నం తెరిచి పార్కు కంటే ముందే మూసేస్తారు, కాబట్టి పన్నెండున్నర తర్వాత అక్కడికి, ఆఖరి గంటన్నరకి మళ్ళీ నేల మీది రైడ్లకి. ఫాస్ట్‌ట్రాక్ టికెట్‌తో ఒక్కో రైడు ఒక్కసారే ముందుగా ఎక్కనిస్తారు. ఆదివారాలు, దసరా, సంక్రాంతి సెలవుల్లో తప్ప దానికి డబ్బు పోయకండి. టికెట్ ధర రోజును బట్టి మారుతుంది. పార్కు రోజులు శని, ఆదివారాల్లో పడకుండా ప్రయాణం సర్దుకుంటే ధరా కలిసొస్తుంది, క్యూ కూడా.

ఒక హెచ్చరిక: ఆ సాయంత్రం స్టీరింగ్ పట్టొద్దు. ఆరేడు గంటలు వేడెక్కిన పలకల మీద చెప్పుల్లేకుండా తిరిగిన అరికాళ్ళతో క్లచ్ తొక్కడం కష్టం. నీళ్ళలో ఉన్నామన్న భ్రమలో మంచినీళ్ళు తాగరు, ఒళ్ళు ఎండిపోయి రాత్రి ఎనిమిదికల్లా కళ్ళు మూతలు పడతాయి.

బిడది నుంచి కొచ్చికి నైస్ రోడ్డు మీదుగా హోసూరు రోడ్డెక్కి, కృష్ణగిరి, ధర్మపురి, సేలం, అక్కణ్ణించి 544వ నంబరు రహదారి మీద అవినాశి, కోయంబత్తూరు, వాళయార్. సుమారు 560 కిలోమీటర్లు. ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్ వస్తుంది. సేలం వైపు వెళ్ళేవాళ్ళకు అది దిగుడు. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పిన లారీలు ముందు బండ్లను గుద్దిన ప్రమాదాలు ఇక్కడ ఎన్నో. మూడో గేరులో ఇంజిన్ పట్టుతోనే దిగండి, లారీకి ముందు ఎక్కువసేపు ఉండకండి, దాన్ని వెళ్ళనివ్వండి. కోయంబత్తూరులో నీలాంబూర్ నుంచి మదుక్కరై దాకా బైపాస్ రెండు వరుసలే, ఎదురుగా బండ్లు వస్తాయి. అంతవరకు నాలుగు వరుసలకు అలవాటైన చెయ్యి ఇక్కడ ఓవర్‌టేక్‌కి తొందరపడుతుంది, జాగ్రత్త. వాళయార్‌కు ముందే తమిళనాడులో పెట్రోలు నింపుకోవడం లాభం.

కేరళలో వేగం ఆశించొద్దు. కుదిరాన్ సొరంగం దాటి మన్నుత్తి వచ్చాక కొచ్చి దాకా అండర్‌పాసుల పనులతో ట్రాఫిక్ సర్వీసు రోడ్ల మీదకు మళ్ళుతూ వచ్చింది. ఆ జామ్‌ల వల్లే 2025 ఆగస్టులో పాలియెక్కర టోల్ వసూలును కేరళ హైకోర్టు కొన్నాళ్ళు ఆపేసింది. త్రిశూరు నుంచి కళమశ్శేరికి మ్యాప్ చూపించే సమయానికి ఒక గంట కలుపుకోండి. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే కెమెరాలు పట్టేస్తాయి. పార్కు కాక్కనాడ్ దాటాక పళ్ళిక్కరలో, బస కాక్కనాడ్‌లో తీసుకుంటే దగ్గర. కొండ వాలు మీద కట్టిన పార్కు, ఎక్కడం దిగడం ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే వాళ్ళను ఆ రోజు ఫోర్ట్ కొచ్చికి పంపడం మేలు. జూన్, జులై వద్దు. గట్టి వానకు, ఉరుములకు ఎత్తైన రైడ్లు ఆపేస్తారు.

తిరుగు దారిలో సేలం, ఉలుందూరుపేట మధ్య రెండు వరుసలుగా కట్టిన బైపాస్‌లు ప్రమాదాలకు పేరుపడ్డాయి, అక్కడ చీకటి పడకుండా చూసుకోండి. చెన్నై ఊళ్ళోకి పోనవసరం లేదు. చెంగల్పట్టులో కుడికి తిరిగితే పాతిక కిలోమీటర్లు పైచిలుకులో తిరుప్పోరూర్. ఇక్కడి తంజోరా కోస్టర్ స్విట్జర్లాండ్‌కు చెందిన బొలిగర్ అండ్ మబియార్ కంపెనీ తయారీ. పెట్టెలు పట్టాల కింద వేలాడతాయి, కాళ్ళకింద నేల ఉండదు. మిగతా పార్కుల్లో ఎన్ని కోస్టర్లు ఎక్కినా ఇది వేరు. ఉదయం గేటు తెరవగానే నేరుగా దాని దగ్గరికే వెళ్ళండి.

టోల్ సంగతి. 2025 ఆగస్టు 15న వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ మొదట్లో 3,000 రూపాయలకు ఏడాది లేదా 200 దాటింపులు, ఏది ముందైతే అది. సొంత కార్లకే. రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో తీసుకోవచ్చు, ట్యాగ్ బండి నంబరు మీద ఉండాలి, ఛాసిస్ నంబరు మీద ఉంటే ముందు మార్పించుకోవాలి. ఈ ఒక్క చుట్టులోనే దాని విలువ చాలావరకు తీరిపోతుంది. అయితే అది జాతీయ రహదారులకే. హైదరాబాద్ ఔటర్ మీద, నైస్ రోడ్డు మీద, మేదరమెట్ల నుంచి అద్దంకి, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లికి వచ్చే రాష్ట్ర రహదారి మీద చెల్లదు. పాస్ ఉంది కదా అని ట్యాగ్‌లో బ్యాలెన్స్ సున్నా చేసుకుని సరిగ్గా ఆ ఆఖరి రోజున ఇరుక్కునేవాళ్ళున్నారు. ట్యాగ్ చెల్లకపోతే జాతీయ రహదారి గేట్లలో యూపీఐతో ఒకటింపావు రెట్లు కట్టాలి. వెయ్యి రూపాయలు ట్యాగ్‌లో ఉంచే ఒంగోలులో బయల్దేరండి.