చెట్టు జాతి తేల్చాలంటే: ఆకు చూడాలా, డీఎన్‌ఏ చూడాలా?

యూరప్ ఓక్ చెట్లలో రోబర్, పెట్రేయా అనే రెండు జాతులు అక్కచెల్లెళ్లలా ఉంటాయి. రోబర్‌కి ఆకు కాడ పొట్టి, కాయ కాడ పొడవు; పెట్రేయాకి సరిగ్గా తిరగేసి. స్కేలు ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. చిక్కల్లా ఈ రెండూ సంకరం అవుతాయి, అప్పుడు కాడలు మధ్యరకంగా వచ్చి తికమక పెడతాయి. పైగా ఒకే చెట్టు మీద ఎండలో ఆకు ఒకలా, నీడలో ఆకు ఒకలా ఉంటుంది.

డీఎన్‌ఏ మార్కర్లకి, అంటే జాతిని గుర్తుపట్టడానికి చూసే డీఎన్‌ఏ ముక్కలకి, ఎండా నీడా పట్టవు. కాయ కాయని మొక్కకైనా పనికొస్తాయి, కాకపోతే ల్యాబ్ కావాలి. అలాగని ఏదో ఒక మార్కర్ పట్టుకుంటే కుదరదు: ఒకే అడవిలోని ఈ రెండు జాతులకీ క్లోరోప్లాస్ట్ (ఆకుకి పచ్చదనం ఇచ్చే కణభాగం) డీఎన్‌ఏ తరచూ ఒకటే వస్తుంది! కణ కేంద్రకంలోని మైక్రోశాటిలైట్లు (పదేపదే తిరిగొచ్చే పొట్టి డీఎన్‌ఏ వరుసలు), అవీ చాలా కలిపి చూస్తేనే తేడా తేలుతుంది. నేనైతే ముందు కాడలే కొలుస్తాను, తేలని చెట్ల ఆకులే ల్యాబ్‌కి పంపుతాను.