పూల్ కట్టించుకుంటున్నారా? ‘ఫెన్స్‌తో సహా’ అన్న మాట నమ్మి డబ్బంతా ఇచ్చేయకండి

ఇంట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించుకోవాలనుకునేవాళ్లు, ముఖ్యంగా చిన్నపిల్లలున్నవాళ్లు, ఇది చదివాకే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టండి.

మా పూల్ కట్టిన కంపెనీ కొటేషన్‌లో ‘ఫెన్స్‌తో సహా’ అని రాసింది. పర్మిట్ల సంగతి అడిగితే "అవన్నీ మేం చూసుకుంటాం" అన్నారు. తీరా చూస్తే పూల్‌కి తీసుకున్నారు గానీ, ఫెన్స్‌కి విడిగా తీసుకోవాల్సిన పర్మిట్ తీసుకోలేదు. వేసింది మామూలు పెరటి ఫెన్స్. నీళ్లు నింపేసి చివరి బిల్లు పంపారు. పర్మిట్ ఆఫీసు ఇన్‌స్పెక్షన్‌లో ఆ ఫెన్స్ ఫెయిలయింది.

ఇన్‌స్పెక్టర్ గేటును బెత్తెడు తెరిచి వదిలేశారు. అది మెల్లగా వచ్చి గడియకి ఆనుకుని ఆగిపోయింది, గడియ పడలేదు. బార్లా తెరిచి వదిలితే మాత్రం ఠక్కున పడింది. కంపెనీవాళ్లు మాకు చూపించింది ఆ రెండోదే! పసిపిల్లలకి బెత్తెడు సందు చాలు. ఎంత తెరిచి వదిలినా గేటు దానంతటదే మూసుకుని గడియ పడాలి, పూల్ వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి. మాది లోపలికి తెరుచుకుంటోంది.

ఇంకోటి, ఫిల్టర్ పంపుని ఫెన్స్‌కి ఆనించి బయట పెట్టారు. దానిమీద కాలుపెడితే ఏ పిల్లాడైనా దాటేస్తాడు. ఎత్తు సరిపోయినా లాభమేంటి?

రూల్స్ ఊరిని బట్టి మారతాయి. అమెరికాలో చాలాచోట్ల ఫెన్స్ కనీసం 48 అంగుళాల ఎత్తుండాలి, సందుల్లో 4 అంగుళాల బంతి పట్టకూడదు. ఆస్ట్రేలియాలో ఎత్తు 1200 మిల్లీమీటర్లు. ఫ్రాన్స్‌లో 2003 చట్టం ప్రకారం నేలలో కట్టిన పూల్‌కి ఫెన్స్, కవర్, అలారం, పైకప్పు షెల్టర్‌లలో ఒకటైనా ఉండాలి. నన్నడిగితే ఇంటి గోడని నాలుగోవైపుగా లెక్కేసుకునే పద్ధతికి అసలు ఒప్పుకోకండి. వెనక తలుపు తీస్తే నేరుగా నీళ్లే. నాలుగువైపులా ఫెన్స్ ఉంటేనే పిల్లలకి ఎక్కువ రక్షణ.

"పర్మిట్ మీ పేరు మీద తీసుకోండి, త్వరగా వస్తుంది" అని కాంట్రాక్టర్ అంటే అనుమానించండి. లైసెన్స్ లేనివాళ్లు ఎక్కువగా అలాగే అడుగుతారు, రేపు ఏదైనా తేడా వస్తే బాధ్యత మీదవుతుంది. పర్మిట్ నంబర్ తీసుకుని, దాన్నిచ్చిన ఆఫీసులో మీరే కనుక్కోండి. ఫెన్స్ ఫైనల్ ఇన్‌స్పెక్షన్ పాసయ్యాకే చివరి వాయిదా ఇస్తామని అగ్రిమెంట్‌లో రాయించండి. గుంత తవ్విన రోజు నుంచే తాత్కాలిక ఫెన్స్ అడగండి, వాన నీరు నిలిచినా ప్రమాదమే.

మా కంపెనీ గేటు మాత్రం మార్చింది. పంపు జరపడానికి అదనంగా డబ్బు అడుగుతోంది. అది జరిపేదాకా చివరి బిల్లు కట్టేది లేదని రాతపూర్వకంగా చెప్పేశాం.