గొడుగు వలతో ఎర చేపలు: కొన్నేళ్లు వాడాక చెబుతున్నా

కొర్రమీను గాలానికి బతికున్న పరిగె అనే చిన్న చేపను మించిన ఎర లేదు. వానపాము గుచ్చితే కొర్రమీను కంటే ముందు జెల్లలూ మట్టగిడసలూ వచ్చి తినేస్తాయి. అందుకే ఎర చేపలు పట్టడానికి మడిచి సంచిలో పెట్టుకునే గొడుగు వల ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. శ్రీకాకుళం చుట్టుపక్కల చెరువుల్లో, నాగావళి పక్క మడుగుల్లో, వంశధార కాలవల్లో కొన్నేళ్లుగా అదే వాడుతున్నాను. నిలవ నీళ్లలో దీనికి సాటి లేదు. పారే నీళ్లలో మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

చూడనివాళ్ల కోసం చెబుతాను. సన్నకన్ను నైలాన్ వల, లోపల ఉక్కు ఊచలు. పైనున్న తాడు లాగితే గొడుగులా విచ్చుకుంటుంది. చుట్టూ గరాటు ఆకారంలో లోపలికి సన్నబడే నోళ్లు ఉంటాయి. ఎర వాసనకు వచ్చిన చేప వెడల్పు వైపు నుంచి సులువుగా దూరుతుంది. లోపలికి వెళ్లాక అంచు వెంబడే తిరుగుతుంది కానీ మధ్యలో తేలుతున్న ఆ సన్న కంతను కనిపెట్టలేదు. చేపలు పట్టే మన వెదురు బుట్ట, మావు, పనిచేసేదీ ఇలాగే.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది వల కన్ను. అర సెంటీమీటరు దాటితే పరిగెలు మొప్పల దగ్గర ఇరుక్కుని చచ్చిపోతాయి. చచ్చిన పరిగె కొర్రమీనుకు పనికిరాదు. నోళ్లు కూడా చిన్నవే మంచివి. పెద్ద నోళ్ల రకంలో నీరుకట్టు పాములు, తాబేళ్లు దూరుతాయి.

వల ఎంత మంచిదైనా లోపల పెట్టే మేతలోనే ఉంది అసలు పని. తవుడు దోరగా వేయించి, నలగ్గొట్టిన వేరుశనగ చెక్క కలిపి, గంజితో ముద్ద చేస్తాను. ఆ ముద్దను పల్చటి గుడ్డలో మూటకట్టి వల మధ్యలో వేలాడదీస్తాను. మూట ముఖ్యం. పొడి తవుడు నేరుగా పోస్తే తేలి బయటికి వచ్చేస్తుంది, చేపలు బయటే తిని పోతాయి. గుడ్డలోంచి కొంచెం కొంచెంగా కరుగుతుంటే ఆ తెల్లటి మడ్డి వెంబడి వెతుక్కుంటూ లోపలికే వస్తాయి.

మోకాలి లోతు నుంచి నడుము లోతు వరకు చాలు. తామరాకుల అంచున, గుర్రపుడెక్క పక్కన, మదుము (చెరువు తూము) దగ్గర నీరు సన్నగా ఊరే చోట దించాలి. అడుగున మెత్తటి బురద ఉంటే కింది నోళ్లు కూరుకుపోతాయి, గట్టి నేల చూసుకోండి. పొద్దెక్కుతున్నప్పుడు, మళ్లీ సాయంత్రం ఎండ తగ్గాక బాగా పడతాయి. వేసవి మిట్టమధ్యాహ్నం పరిగెలు లోతుకు దిగిపోతాయి, అప్పుడు వేయడం దండగ.

అరగంట చాలు. తాడు పట్టుకుని మెల్లగా, ఆపకుండా పైకి తీయాలి. నీరు జారిపోతుంటే తోక మొదట్లో నల్ల చుక్కతో వెండిలా మెరిసే పరిగెలు అడుగున టపటపా కొట్టుకుంటాయి. వాటి మధ్య వలకు కడుపు ఆనించుకుని కదలకుండా కూర్చునే ఇసుకదొందు చేప ఒకటో రెండో ఉంటుంది. చేతులు తడిపి ఏరుకోవాలి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి జిగురు ఊడిపోయి బకెట్లో ఎక్కువసేపు బతకవు.

రాత్రంతా వదిలేసి తెల్లారి తీసుకోవచ్చని అమ్మేవాళ్లు రాస్తారు. ఆ మాట వినకండి. మా ఊరి చెరువు గట్టు మీద వల బాగు చేసుకుంటున్న తాత ఒకాయన కొత్తలోనే నాతో అన్నాడు, "రాత్తిరి నీటిలో ఒగ్గీకు బాబూ, పీతలు కొరికీస్తాయి." పీతలు నైలాన్ కొరికేయడం ఒక ఎత్తు. లోపల చిక్కిన పాము, కప్ప, తాబేలు గాలి అందక చచ్చిపోవడం ఇంకో ఎత్తు. నీటి తాబేళ్లకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. అది లేకపోయినా ఎర కోసం తాబేలును చంపుకోవడం తప్పే. లోతు తక్కువున్న చోట వల పై కొస కొంచెం నీటి పైన ఉండేలా కట్టండి, చెయ్యి పెట్టే ముందు లోపల ఏముందో చూడండి. నీరుకట్టుకు విషం లేదు కానీ గట్టిగా కరుస్తుంది.

పారే గెడ్డలో (వాగులో) ఈ వల దొర్లిపోతుంది, ఊచలు వంగుతాయి. రాయి కట్టినా నోళ్లు మూసుకుపోతాయి. అక్కడ మడవలో పెట్టే వెదురు మావే మేలు. మనకు ఎండ కాస్తున్నా ఎగువ ఒడిశాలో వాన పడితే నాగావళి, వంశధార పొంగుతాయి. కాబట్టి వానాకాలంలో ఏటి ఒడ్డున వల దించి పక్కకు వెళ్లకండి. కళింగపట్నం వైపు, వంశధార సముద్రంలో కలిసే చోట, పండుగప్ప కోసం రొయ్యపిల్లలు పట్టడానికి కూడా వాడాను. రొయ్యలు బాగానే పడ్డాయి కానీ ఉప్పునీటికి ఊచల కీళ్లు తుప్పెక్కాయి. అక్కడ వాడితే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎండలో ఆరేస్తే నైలాన్ పెళుసుబారుతుంది.

పట్టిన చేపను బతికించుకోవడం పట్టినంత పనే. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, చెరువు నీళ్లే పోయండి. నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది కనక బకెట్ చుట్టూ తడి గోనె చుట్టి నీడన పెట్టాలి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఉంటే ఇంకా మంచిది. ఎక్కువ చేపలు కుక్కకూడదు.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. మన చెరువులు చాలావరకు పాటకు ఇచ్చినవో, మత్స్యకార సంఘాలవో. వానలు పడ్డాక అందులో బొచ్చె, శీలావతి, మోసు పిల్లలు వదులుతారు. ఆ రోజుల్లో ఈ వలలో పరిగెల కంటే ఆ పిల్లలే ఎక్కువ పడొచ్చు. నల్ల చుక్క ఒక్కటే చూసి పరిగె అనుకోకండి, మోసు పిల్లకీ తోక దగ్గర మచ్చ ఉంటుంది. పరిగె ఒళ్లు వెడల్పు, మోసుది సన్నం, పొడుగు. బొచ్చె పిల్లకు తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది. అవి పడితే అక్కడికక్కడే వదిలేయాలి. చెరువు పాడుకున్నవాళ్లను అడిగాకే వల దించాలి. అడిగితే కాదన్నవాళ్లు నాకు తక్కువే. ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు, కింద కాపలా కాస్తున్న పెద్ద చేప కనిపించిన చోట అసలు వల వేయకండి. మిగిలిన ఎరను, ముఖ్యంగా జిలేబీ (తిలాపియా) పిల్లలను, వేరే చెరువులో వదలొద్దు. ఒకసారి చేరితే అవి పోవు.

వస్తువు గట్టిదనం సంగతికొస్తే, వల ఇప్పటికీ బాగుంది. పీత కొరికిన చోట్ల వల దారంతో కుట్టుకున్నాను. కూడా వచ్చిన తాడు మరీ సన్నం, చేతులు కోస్తుంది, మొదటి వారంలోనే మార్చేశాను. అన్నిటికంటే ముందు పోయింది జిప్పు. ఇసుక చేరి బిగుసుకుంటుంది, లాగితే పళ్లు ఊడతాయి. ఇప్పుడు అక్కడ తాడు ముడి వేసి నడిపిస్తున్నాను. ఈసారి కొంటే జిప్పు లేకుండా, అడుగున తాడుతో బిగించే రకమే కొంటాను.