క్లచ్ జారుతోందా, గేర్ల తీరే అదా?

హనుమకొండలో హైదరాబాద్ రోడ్డెక్కి మా పాత ప్రీమియర్ పద్మిని కారు 80 కి.మీ. వేగం దాటిందంటే ఇంజన్ అరుపే అరుపు. అనుమానాలు రెండు.

టాప్ గేర్‌లో 50 దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. మోత ఒక్కసారిగా పెరిగి, బండి వేగం మాత్రం అందుకోకపోతే తప్పు క్లచ్‌దే. ఎత్తెక్కేటప్పుడు ఇంకా తేలిగ్గా తెలిసిపోతుంది, కాలిన వాసన కూడా రావచ్చు. క్లచ్ ప్లేటు మార్చే ముందు పెడల్ ఫ్రీప్లే, అంటే క్లచ్ మీద పని మొదలయ్యే ముందు పెడల్ వదులుగా కదిలే దూరం, చూడండి. అది అసలు లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టదు. నేనిది చూడకుండానే గేర్‌బాక్స్ దింపించాను, డబ్బు దండగ!

మోతా వేగమూ కలిసే పెరిగితే క్లచ్ బాగున్నట్టే. 1089 సీసీ ఇంజన్, నాలుగే గేర్లు. ఐదోది ఉంటే కదా మోత తగ్గేది. టైర్లు మాత్రం ఓసారి చూడండి. అసలు సైజు కన్నా చిన్నవి వేస్తే అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరగాలి.