వీసా పని భేష్, కొండదారి లెక్క తప్పు: జయనగరలో తీసుకున్న ఒక యాత్రా ప్రణాళిక సేవ

నార్వేలో కొండల మధ్యకు సముద్రం చొచ్చుకువచ్చిన గైరాంగెర్ ఫ్యోర్డుకు వెళ్ళి, నాలుగు రోజులు అక్కడే ఉండి, కొంత కొండల మీద నడిచి, కొంత నీటి మీద తిరిగి రావాలన్నది మా ఇంట్లో ఎన్నాళ్ళుగానో ఉన్న కోరిక. నేను, నా భార్య, మా బావమరిది, 62 ఏళ్ళ మా మామగారు కలిసి కిందటి జూన్‌లో వెళ్ళి వచ్చాము. వీసా కాగితాలు, విమాన టికెట్లు, బస, రోజువారీ ప్రణాళిక అన్నింటినీ బెంగళూరు జయనగరలోని ఒక చిన్న యాత్రా సంస్థకు అప్పగించి, మనిషికి 6,500 రూపాయల సేవా రుసుము చెల్లించాము. సంస్థ పేరు రాయడం లేదు. వారి పనిలో ఏది నమ్మి వదిలేయవచ్చునో, ఏది మనమే కూర్చుని చూసుకోవాలో మాత్రం ఇలాంటి సేవ తీసుకోబోయేవారి కోసం రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసినది వీసా పని. నార్వే యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం కాకపోయినా, ఒకే వీసాతో పలు యూరప్ దేశాల్లో తిరగనిచ్చే షెంగెన్ ఒప్పందంలో ఉంది కనుక మనకు కావలసినది షెంగెన్ వీసాయే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు; పెద్దలకు రుసుము 90 యూరోలు; కనీసం 30,000 యూరోల వరకు వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. మా ఫైలు చూసిన మదనపల్లె అమ్మాయి మాత్రం మామగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పింఛను జమ అయ్యే బ్యాంకు ఖాతాలో ఒక్క పొడి అక్షరంగా ఉన్న సంగతిని మొదటి రోజే పట్టుకుంది. "రెండు పేర్లూ పెద్దాయనవేనని బ్యాంకు నుంచి లెటర్ తెచ్చేయండి సార్, తర్వాత అడిగితే మనకు టైమ్ ఉండదు" అని చెప్పి, ఆ లేఖ ఎలా ఉండాలో తానే రాసి ఇచ్చింది. మన తెలుగువాళ్ళ పేర్లతో వచ్చే ఈ చిక్కు తెలిసిన మనిషి చేతిలో ఫైలు పడటం మా అదృష్టం. వీసాలు నలుగురికీ ఏ అభ్యంతరమూ లేకుండా వచ్చాయి.

సామాను విషయంలోనూ ఆమె సలహా నిజంగా పనికివచ్చింది. యూరప్ ఆర్థిక ప్రాంతానికి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు నార్వేకు తీసుకువెళ్ళడం నిషిద్ధం. నా భార్య కందిపొడితో పాటు పెట్టుకున్న నెయ్యి సీసానూ పాలకోవా డబ్బానూ ఆ అమ్మాయి జాబితాలోంచే కొట్టివేయించింది.

ఇక్కడి నుంచి లోపాలు మొదలవుతాయి. టికెట్లు చవకగా దొరుకుతాయని ఆగస్టు చివరి వారానికి మమ్మల్ని ఒప్పించాలని సంస్థవారు బాగా ప్రయత్నించారు. గైరాంగెర్‌లో జనం చూడాలని వెళ్ళే ఏడుగురు అక్కచెల్లెళ్ళ జలపాతం కొండ మీది మంచు కరిగి పారే నీరు. మే నుంచి జూలై వరకు నిండుగా దూకే ఆ ధారలు వేసవి చివరికి సన్నబడతాయి, కొన్ని ఎండిపోతాయి కూడా. ఛార్జీల్లో తేడా చూపించినవారు ఈ సంగతి కూడా చెప్పి ఉండవలసింది. మేము జూన్‌కే పట్టుబట్టాము. ఏడు ధారలూ ఒక్కసారి కనబడినప్పుడు మామగారు చాలాసేపు మాట్లాడలేదు.

అన్నింటికంటే పెద్ద పొరపాటు నడక రోజుది. ఫ్యోర్డు అంటే హిమానీనదం కొండలను లోతుగా కోసుకుపోగా, ఆ లోయలోకి సముద్రం చొరబడిన చోటు. ఒడ్డున నిలుచున్నామంటే సముద్రమట్టం మీదే నిలుచున్నామన్నమాట. అక్కడి నుంచి కొండ గోడలా లేస్తుంది. మా ప్రణాళికలో స్కాగెఫ్లో అనే పాత కొండ ఇంటికి నడక ఉంది, దారిలో అత్యధిక ఎత్తు 550 మీటర్లని రాసి ఉంది. మామగారి మోకాళ్ళ సంగతి అడిగితే, "నంది హిల్స్ 1,478 మీటర్లు, ఇది అందులో సగం కూడా లేదు సార్" అని జవాబు వచ్చింది. నంది ఎత్తును సముద్రమట్టం నుంచి లెక్కించారని, బెంగళూరే సుమారు 900 మీటర్ల ఎత్తున ఉందని, పైగా నందికి మనం కారులో వెళ్తామని ఆ లెక్కలో ఎవరికీ తట్టలేదు. గైరాంగెర్‌లో ఆ 550 మీటర్లలో ప్రతి మీటరునూ కాళ్ళతోనే ఎక్కాలి. (గైరాంగెర్ పైనున్న దాల్స్‌నిబ్బా శిఖరం ఎత్తు 1,476 మీటర్లు, అంటే దాదాపు నంది అంతే, జూన్‌లో అక్కడ మంచు మీద నడిచాము. ఎత్తు అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.)

అంతకు మించినది వరుస తప్పు. ఊరి నుంచి బయలుదేరి, హోమ్‌లాంగ్‌సేత్రా అనే చోటి మీదుగా స్కాగెఫ్లో చేరి, అక్కడి నుంచి 250 మీటర్లు నిటారుగా నీటి అంచుకు దిగి, మధ్యాహ్నం ఒంటిగంటకు పడవ ఎక్కాలని రాశారు. అలసిన మోకాళ్ళతో, వాన పడితే జారే రాళ్ళ మీద, గడియారం చూసుకుంటూ దిగడమన్నమాట. పడవ తప్పిపోతే అంత ఎత్తూ మళ్ళీ ఎక్కాలి. ముందురోజు సాయంత్రం ఊళ్ళోని పర్యాటక సమాచార కేంద్రంలో మా కాగితం చూపిస్తే, అక్కడి పెద్దావిడ దానితో ఉన్న పటం పరిచి, దారికి అడ్డంగా ఒత్తుగా ఉన్న ఎత్తు గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మీద పెన్ను మొన ఆనించి, ఒక్కొక్కటే లెక్కపెట్టి చూపించారు. తర్వాత నడక దిక్కు చూపే బాణం గుర్తును కొట్టివేసి, ఎదురు దిక్కుకు తిప్పి గీశారు: పొద్దున పడవలో వెళ్ళి స్కాగెఫ్లో కింద దిగండి, ఎక్కండి, ఊరి వైపు నడిచి రండి, అప్పుడు మీకోసం ఏ పడవా ఎదురుచూడదు. ఎంత సులువైన మాట!

మార్చిన పడవకు కొత్తగా టికెట్లు కొనవలసి వచ్చింది, పాతవాటి డబ్బు వెనక్కి రాలేదు. అత్యవసర సహాయానికంటూ సంస్థ ఇచ్చిన నంబరుకు అక్కడి నాలుగు గంటలకు ఫోన్ చేశాను. వేసవిలో మనకూ నార్వేకూ మూడున్నర గంటల తేడా, అంటే బెంగళూరులో ఏడున్నర. ఎవరూ ఎత్తలేదు, సందేశానికి జవాబు మర్నాడు వచ్చింది. రుసుములో ఈ సహాయం కూడా కలిసే ఉంది కనుక దీన్ని చిన్న విషయంగా తీసుకోలేను.

తిప్పిన వరుసలో ఆ రోజు మా యాత్రకే ఉత్తమమైన రోజయింది. 1916లో చివరి కుటుంబం విడిచిపెట్టిన స్కాగెఫ్లోలో 1993లో నార్వే రాజు హరాల్డ్, రాణి సోన్యా తమ వివాహ రజతోత్సవం జరుపుకున్నారు. గడ్డి కప్పుల ఆ ఇళ్ళ ముందు, ఎదుటి గట్టున జలపాతం దూకుతుండగా, మేము కందిపొడి అన్నం తిన్నాము. మామగారు ప్రతి పావుగంటకూ ఆగుతూ, తొందర లేకుండా నడిచి ఊరు చేరారు.

పడవల విషయంలో సంస్థ కాగితంలో "కయాకింగ్, 2 గంటలు" (అంటే తెడ్డుతో నడిపే ఇరుకు పడవలో షికారు) అన్న ఒక్క మాటే ఉంది. నీరు ఎంత చల్లగా ఉంటుందో, ఏ బట్టలు కావాలో, పెద్ద ఓడలు పోయినప్పుడు లేచే అలలకు ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగిన తర్వాత మా ఇంట్లో ఎవరూ లైఫ్ జాకెట్ పట్టీలు స్వయంగా లాగి చూడనిదే పడవ ఎక్కరు. అక్కడ కయాకులు అద్దెకిచ్చేవారు మాకంటే జాగ్రత్తగా ఉన్నారు: నీరు చొరబడని సూటు తొడిగి, మెడ దగ్గర రబ్బరు పట్టీ లోపలికి రెండు వేళ్ళు పోనిచ్చి, వెంట్రుక ఒక్కటి ఇరుక్కున్నా తీసి సరిచేసి, బోల్తా పడితే ఏం చేయాలో ఒడ్డునే చేయించి చూపారు. మామగారిని వారే వద్దని, పెద్ద పడవలో తిరగమని చెప్పారు.

వీసా, టికెట్లు, బస కోసమైతే ఈ సంస్థకు మళ్ళీ వెళ్తాను, మీరూ నిస్సంకోచంగా వెళ్ళవచ్చు. నడక, పడవ ఉన్న రోజుల ప్రణాళికను మాత్రం వారి నుంచి తీసుకోకండి. మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలి, ఎన్ని మీటర్లు దిగాలి, పడవ నడకకు ముందా వెనకా అన్నవి పటం ముందు పెట్టుకుని మీరే తేల్చుకోండి. తిరిగి వచ్చాక ఈ మాటలన్నీ ఆ మదనపల్లె అమ్మాయికి చెప్పాను. పాత టికెట్ల డబ్బు ఇప్పించడం తన చేతిలో లేదని నొచ్చుకుంది. బాణం తిప్పి గీసిన మా పటాన్ని అడిగి తీసుకుని, జెరాక్స్ చేయించి గైరాంగెర్ ఫైలులో పెట్టుకుంది.